పొంగని కుండ, మారేడు చిప్ప

అనగనగా ఒక అడవిలో, పొద్దున్నే మబ్బులు నేల మీద నడిచే గుట్ట ఒకటి ఉండేది. దాని పేరు తేనెగుట్ట. తెల్లవారుతూనే మబ్బు మెల్లగా వచ్చేది. చెట్ల కాళ్ళు కడిగి వెళ్ళేది. ఆ తడిలో ఇప్పపూలు ఒక్కొక్కటే రాలేవి, నిద్రలో ఎవరో నవ్వుకున్నట్టు.

ఆ గుట్ట మీది గుహలో ముల్లమ్మ అనే ఏదుపంది ఉండేది. ఏదుపంది అంటే తెలుసు కదా? ఒంటినిండా పొడుగాటి ముళ్ళుంటాయే, అదే. ముల్లమ్మకు లెక్కలంటే ప్రాణం. "నీళ్ళ దగ్గర ఎంతమంది ఉన్నారు ముల్లమ్మా?" అని అడిగితే, "నలభై రెండు కాళ్ళు. అంటే పది జంతువులు, ఒక కొంగ" అని చెప్పేది.

ముల్లమ్మ కొత్తగా నెత్తినేసుకున్న పని పుల్లపానకం చెయ్యడం. ఎండబెట్టిన ఇప్పపూలు, మొలకెత్తించి ఎండబెట్టిన చోళ్ళు అనే రాగులు, తోడుండలు. ఈ మూడూ నీళ్ళలో కలిపి మూత పెడితే పుల్లపానకం. పాలలో మజ్జిగ చుక్క వేస్తే పెరుగవుతుంది కదా? ఇప్పపూల నీళ్ళలో తోడుండ వేసినా అంతే. తోడుండలో కంటికి కనబడనంత చిన్న ప్రాణులు నిద్రపోతూ ఉంటాయి. తీపి తగిలితే లేస్తాయి. అవి లేస్తే నీళ్ళు పులుస్తాయి, బుడగలొస్తాయి, కుండ సన్నగా పాట పాడుతుంది.

ఆ పానకం దాహానికి తాగేది కాదు. మాట ఇచ్చుకోవడానికి తాగేది. ఎండాకాలం వస్తే గుట్ట మీద నీళ్ళన్నీ ఇంకిపోయి ఒక్క చెలమ మిగిలేది. ఇసకలో ఊరే చిన్న నీటిగుంట అది. దుప్పులకేమో ఆ నీళ్ళు తేటగా ఉండాలి. అడవిపందులకేమో అందులో పడి పొర్లాలి. అందుకని ప్రతి ఏడూ ఇప్పచెట్టు చివరి పువ్వు రాలిన రోజున, రెండు గుంపుల పెద్దలూ ఒకే కుండలో పుల్లపానకం తాగి వంతులు వేసుకునేవారు. కుండ తనంతట తాను పొంగాలి. పొంగిన కుండ దగ్గర ఇచ్చిన మాట వానలు పడేదాకా ఎవరూ దాటరు. పొంగని కుండ దగ్గర మాటే లేదు. మాట లేకపోతే బలమున్నవాడిదే చెలమ. అప్పుడు దుప్పులు పిల్లల్ని వెంటేసుకుని కింద ఏటికి దిగాలి. ఏటి దారిలో చిరుతపులి కాపురం.

ఏళ్ళ తరబడి ఆ కుండ వేసింది బూరమ్మ అనే ముసలి ఎలుగుబంటి. ఓపిక తగ్గాక కొత్త తోడుండలు చెయ్యడం మానేసింది. ఉన్నవాటినే పదిలంగా వాడుకుంటూ వచ్చింది. పోయిన వానాకాలంలో ఆమె కన్ను మూసింది.

"ఇక మీదట కుండ నేను వేస్తాను" అని ముల్లమ్మ ఎవరూ అడక్కుండానే ముందుకొచ్చింది. "పూలెన్ని, గింజలెన్ని, ఉండలెన్ని? లెక్క తెలిస్తే పని తెలిసినట్టే!"

బూరమ్మ దాచినవన్నీ గుహ లోపలి చీకట్లో, చల్లటి మూలల్లో, ఒక దాని వెనక ఒకటి నక్కి ఉన్నాయి. "ఈ చీకట్లో ఎవరు లెక్కపెడతారు తల్లీ!" అని ముల్లమ్మ మూడు పనులు చేసింది.

తోడుండలున్న ఆనపబుర్రలను గుహ ముందున్న బండ మీదకు తెచ్చింది. వరసకు నాలుగు చొప్పున మూడు వరసలు పేర్చింది. పన్నెండు. పదమూడో బుర్ర ఒకటి మిగిలింది. అది పెడితే వరస చెడుతుంది. దాన్ని మళ్ళీ లోపలి మూలకు తోసేసింది.

తర్వాత చోళ్ళన్నీ ఒకేసారి పిండి కొట్టింది. గింజలు లెక్కపెడితే తెమలదు. పిండైతే ఎన్ని దొప్పలో ఇట్టే తెలిసిపోతుంది.

ఆ తర్వాత నిరుటి పూలు, ముందటేటి పూలు, అంతకు ముందువి, అన్నీ కలిపి ఒకే కుప్ప పోసింది. మూడు చిన్న లెక్కల కంటే ఒక పెద్ద లెక్క మేలు కదా అనుకుంది.

తోకయ్య అనే కొండముచ్చు కొమ్మ మీంచి చూసి ఈల వేశాడు. "అబ్బ! ఏం వరసలు ముల్లక్కా! మా ఆవిడ పిల్లల్ని కూడా ఇంత బుద్ధిగా కూర్చోబెట్టలేదు!"

ముల్లమ్మ ముళ్ళు గర్వంతో గలగలలాడాయి.

చలికాలం పోయింది. ఎండ రోజూ వచ్చి ఆ బండ మీద కూర్చుని వెళ్ళేది. బుర్రలు కాగేవి, చల్లారేవి, మళ్ళీ కాగేవి. పైకి మాత్రం ఏమీ మారలేదు. పన్నెండంటే పన్నెండే. బుర్రకు ఎనిమిది ఉండలు. మొత్తం తొంభై ఆరు.

ఇప్పచెట్టు పూసింది. గుట్టంతా తియ్యటి వాసన మబ్బులా కమ్ముకుంది. ముల్లమ్మ పెద్ద కుండలో నీళ్ళు నింపి, పూలు పోసి, పిండి కలిపి, బూరమ్మ వేసినట్టే తొమ్మిది ఉండలు నలిపి వేసింది. మూడో రోజుకు కుండ పాడాలి. మూడో రోజు చెవి ఆనించి వింది. ఏమీ లేదు.

"మూడేళ్ళ నాటి ఉండలు కదా! మూడేళ్ళవైతే మూడింతలు వెయ్యాలి. తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు" అనుకుంది. ఇరవై ఏడు వేసింది. రెండు రోజులు చూసింది. కుండ పలకలేదు.

మిగిలిన అరవై కూడా వేసేసింది. రెండు రోజుల తర్వాత మూత తీస్తే, పైన బూడిదరంగు పొర కట్టి ఉంది. కంపు గుప్పుమంది.

ముల్లమ్మ అక్కడే కూలబడింది. ఇప్పచెట్టు వైపు చూసింది. మూడే పూలు మిగిలాయి. ఎండకు చచ్చిన ఉండలు తొమ్మిదైతేనేం, తొంభై ఆరైతేనేం? సున్నాను ఎన్నింతలు చేసినా సున్నాయే. ఇంత చిన్న లెక్క తనకెందుకు తట్టలేదు?

ఎవరికీ కనబడకుండా ఉండాలని గుహ లోపలికి, చిట్టచివరికి వెళ్ళింది. అక్కడ నేల చల్లగా ఉంది. రాతి సందుల్లోంచి చెమ్మగాలి ఊపిరిలా వచ్చిపోతోంది. వెనక్కి వాలితే వీపుకు ఏదో తగిలి దొర్లింది.

పదమూడో బుర్ర.

దాన్ని బోర్లించింది. ఒక్కటే ఉండ రాలింది. దానికీ ఒక పక్క చీమలు కొరికిన గాట్లు.

గబగబా కుండ దగ్గరకు పరుగెత్తింది. ఉండను కుండ మీదకు ఎత్తింది. ఆగింది. అన్ని ఉండలు వేసినప్పుడూ తను లెక్కే చూసింది. బతికి ఉన్నాయో లేదో ఒక్కసారీ చూడలేదు.

"నువ్వు బతికే ఉన్నావా?" అని మెల్లగా అడిగింది.

ఉండ ఏం చెబుతుంది పాపం! ముల్లమ్మ ఒక మారేడు చిప్ప తెచ్చింది. నేల మీద తాజా పూలు అయిదే దొరికితే, వాటిని నలిపి పిండి, ఆ తేనెనీళ్ళు చిప్పలో పోసింది. ఉండలోంచి చిటికెడు నలిపి వేసి, గుహ లోపలి చల్లటి మూలలో పెట్టింది. దాని పక్కనే ముడుచుకుని పడుకుని లెక్కపెట్టసాగింది. ఒకటి, రెండు, మూడు... లెక్క నిద్రలోకి జారింది. కలలో ఇప్పపూలు కిందికి కాకుండా పైకి రాలుతున్నాయి. ఒక్కో పువ్వూ మబ్బును తాకి, టప్ మని నవ్వి మాయమవుతోంది.

టప్.

ముల్లమ్మ కళ్ళు తెరిచింది. గుహ నోట్లో తెల్లటి వెలుగు. చిప్పలో చిన్న బుడగ ఒకటి పగిలింది. ఊపిరి బిగబట్టి లెక్కపెట్టింది. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, నూరు. టప్!

నూటికొక బుడగ. బతికే ఉంది!

అంతలో బయట నుంచి తోకయ్య కేక. "అక్కోయ్! చివరి పువ్వు రాలిపోయింది! పెద్దలిద్దరూ బయల్దేరారు!" లోపలికి ఒక్క గెంతు వేసి, ముక్కు మూసుకున్నాడు. "ఛీ ఛీ, ఇదేం కంపు? పొంగలేదా?"

"పొంగలేదు తమ్ముడూ" అంది ముల్లమ్మ.

తోకయ్య తోక నములుతూ ఆలోచించాడు. ఉన్నట్టుండి మాయమై, గుప్పెడు కుంకుడుకాయలతో తిరిగొచ్చాడు. చిన్న బుర్రలో నీళ్ళు పోసి కాయలు చితక్కొట్టి గిలక్కొట్టాడు. తెల్లటి నురగ పొంగి, బుర్ర దాటి, మబ్బుతునకలా నేల మీదకు జారింది.

"చూశావా? ఆ కంపుకుండ లోయలో పారబోద్దాం. కొత్త నీళ్ళలో నాలుగు పూలు, ఈ కాయలు. ఇద్దరూ చెరో గుక్క తాగుతారు, మాటిస్తారు, పోతారు. ఎవరికి తెలుస్తుంది?"

ఆ నురగ ఎంత అందంగా ఉందో! అందులో ఏడు రంగులు తిరుగుతున్నాయి. ముల్లమ్మ కళ్ళు తిప్పుకోలేకపోయింది. గోటితో కాస్త తీసి నాలుకకు రాసుకుంది. చేదు విషం.

"ఇది తాగి ఇచ్చిన మాట ఎట్లా నిలబడుతుంది?"

"చేదు మాటైనా మాటే కదక్కా! దుప్పిపిల్లలు ఏటికి దిగక్కర్లేదు. నీ పరువూ నిలుస్తుంది. కాదంటే చెప్పు."

ముల్లమ్మ చిప్ప వైపు చూసింది. ఎప్పటికో ఒక బుడగ. నురగ వైపు చూసింది. నిమిషానికి నూరు బుడగలు. కానీ ఆ నూరూ కాసేపట్లో నూటికి సున్నా అవుతాయి. ఈ ఒక్కటీ రేపటికి రెండవుతుంది.

"కాయలు తీసుకెళ్ళి మీ ఆవిడకు ఇవ్వు తమ్ముడూ. తలంటుకుంటుంది" అంది.

పెద్దలు వచ్చారు. అడవిపందుల పెద్ద కోరప్ప, కొండరాయి దొర్లినట్టు వచ్చాడు. దుప్పుల పెద్ద పొడలమ్మ, ఎండుటాకు మీద కూడా చప్పుడు కాకుండా వచ్చింది.

"ఏమ్మా ముల్లమ్మా, కుండేదీ?" అన్నాడు కోరప్ప.

"పొంగలేదు మావా. తప్పు నాదే. లెక్కకు వీలుగా ఉంటాయని తోడుండలను ఎండలో పెట్టాను. అన్నీ చచ్చాయి. ఒక్కటి బతికింది. నాకు నాలుగు రోజులివ్వండి."

కోరప్ప కోరలు బయటపెట్టి నవ్వాడు. "లెక్కలమ్మకే లెక్క తప్పిందా? పొంగని కుండకు మాట లేదు. చెలమ మాది. పద పద!"

"నీకు రాని లెక్క గురించి నవ్వకు కోరప్పా" అంది పొడలమ్మ. "మా గుంపులో పదకొండు మంది పసిపిల్లలు. నాలుగు రోజులు ఆగలేవా?"

కోరప్ప ముక్కుతో నేల గీరాడు. "పొంగిందని అబద్ధం చెప్పుంటే ఈ పాటికి కుండ పగలగొట్టేవాణ్ణి. నిజం చెప్పింది గనక నాలుగు రోజులు. అయిదో రోజు పొద్దున కుండ నురగ కట్టకపోతే మాత్రం, మళ్ళీ ఎవరూ నోరెత్తకూడదు. నేనిక్కడే కూర్చుంటాను, ఈమె ఏ మాయా చెయ్యకుండా."

"అయితే నేనూ కూర్చుంటాను, నువ్వు కుండను తన్నకుండా" అంది పొడలమ్మ.

తోకయ్య తన చేతిలోని కాయలను గుట్టుగా వీపు వెనక్కి దాచుకుని మాయమయ్యాడు.

ముల్లమ్మ కంపు కుండను తోమి ఎండబెట్టింది. ఇసకలో ముల్లుతో గీతలు గీసింది. చిప్పకు పదింతలు బుర్ర. బుర్రకు పదింతలు కుండ. చిప్పంతా లేచాకే బుర్రలోకి. బుర్రంతా లేచాకే కుండలోకి. సాయంత్రానికి యాభైకొక బుడగ. మర్నాడు పొద్దునకు ఇరవై అయిదుకొకటి. లెక్క మొదటిసారి ప్రాణమున్నదానిలా కదులుతోంది.

రెండో రోజు చిప్పను బుర్రలోకి వంచాలి. దానికి మేత కావాలి. ఈసారి చోళ్ళపిండి వాసన చూస్తే, ముక్కిపోయి ఉంది. గింజలుగా ఉంచితే నిలిచేవి. పిండి చేసేసరికి గాలి తగిలి పాడైంది. ఇక మిగిలింది పూల కుప్ప. అందులో ఏది మంచిదో ఏది చెడ్డదో తెలియదు.

"ఇందులో మూడేళ్ళ నాటివి ఏరి పారేస్తే సరి. కానీ అన్నీ కలిపేశానే!" అని ముల్లమ్మ తల పట్టుకుంది.

కోరప్పకు కూర్చుని కూర్చుని విసుగొచ్చింది. కుప్ప దగ్గరకొచ్చి ముక్కు పెట్టాడు. "ఇది పాతదే, ఎండు ద్రాక్షలా బాగుంది. ఇది నిరుటిదే, లోపల బూజు. ఇది బాగుంది. ఇది పారెయ్యి. వయసు చూసి కాదమ్మా, వాసన చూసి చెప్పాలి" అంటూ రెండు కుప్పలు చేశాడు.

పొడలమ్మ కళ్ళు పెద్దవి చేసింది. "నీ ముక్కు బురదకు తప్ప పనికిరాదనుకున్నాను."

"నీ కాళ్ళు పారిపోవడానికి తప్ప పనికిరావని నేనూ అనుకుంటున్నాను. కుండకు నీళ్ళు తేవాలట, ఏదీ తెచ్చి చూపించు!"

పొడలమ్మ మెడకు బుర్రలు కట్టుకుని చెలమకు వెళ్ళి వచ్చింది. ఒక్క చుక్క తొణకలేదు.

మూడో రోజు మధ్యాహ్నం బుర్ర సన్నగా పాడటం మొదలెట్టింది. గాలి ఆగిపోయింది. ముగ్గురూ దాని చుట్టూ చెవులు పెట్టుకుని పడుకున్నారు. ఎక్కడో చాలా దూరంలో వాన పడుతున్నట్టు ఉంది ఆ పాట. వింటూ వింటూ కోరప్ప ఎవరి పక్కన పడుకున్నాడో మరిచిపోయి, పొడలమ్మ వీపు మీద తల ఆనించి గుర్రు పెట్టాడు. ఆమె కదలలేదు.

లేచాక కోరప్ప సిగ్గుపడి గదమాయించాడు. "పాడుతోందిగా! ఇంకా చూస్తావేం, కుండలో పొయ్యి!"

పొయ్యాలని ముల్లమ్మకూ ఉంది. కాళ్ళు దురద పెడుతున్నాయి. ఒక్క రోజే మిగిలింది. కానీ బుడగలు లెక్కపెట్టింది. ఆరుకొకటి.

"ఇంకా సగం నిద్రలోనే ఉన్నాయి మావా. ఒకడు లేస్తే పదిమందిని లేపగలడు. వెయ్యి మందిని లేపమంటే వాడూ పడుకుంటాడు. రేపు పొద్దున పోస్తాను."

"రేపు పోస్తే ఎల్లుండికి పొంగుతుందా?"

"ఈ రాత్రి గడిస్తే మూడుకొకటి. అప్పుడు పోస్తే పొంగుతుంది. ఇప్పుడు పోస్తే పొంగదు."

"తప్పితే?"

"తప్పితే చెలమ మీది" అంది ముల్లమ్మ. ఆ మాట అంటున్నప్పుడు పొడలమ్మ వైపు చూడలేకపోయింది.

నాలుగో రోజు మబ్బు రాకముందే చూసింది. మూడుకొకటి. మంచి పూలు నీళ్ళలో పిసికి, బుర్రను కుండలోకి వంచింది. మూత పెట్టింది. ఆ రోజంతా ముల్లమ్మ ఏమీ లెక్కపెట్టలేదు. కుండకు ఒక పక్క తను, ఇంకో పక్క పొడలమ్మ, ఎదురుగా కోరప్ప. కొండగాలి చల్లగా వీస్తే కోరప్ప జరిగి, తన పెద్ద పొట్టను కుండకు ఆనించాడు.

అయిదో రోజు పొద్దున మబ్బు గుట్ట దిగి గుహలోకి వచ్చింది. ఎవరికీ ఎవరూ కనబడలేదు. తెల్లటి మబ్బులో ముందు పాట వినిపించింది. సన్నగా, తర్వాత గంభీరంగా. ఆ తర్వాత మూత మెల్లగా పైకి లేచింది. కుండ అంచు దాటి నురగ పొర్లింది. ఎక్కడ మబ్బు ఆగిందో, ఎక్కడ నురగ మొదలైందో తెలియలేదు.

"ఎవరూ ముట్టలేదు కదా?" అంది కోరప్ప గొంతు.

"ముట్టింది నీ పొట్టొక్కటే" అంది పొడలమ్మ గొంతు.

ఇద్దరూ ఒకే కుండలో మూతులు పెట్టారు. పుల్లగా, తియ్యగా ఉంది. మీసాల నిండా నురగతో మాటిచ్చుకున్నారు. పొద్దున దుప్పులకు. మధ్యాహ్నం అడవిపందులకు. నడుమ చిన్న జంతువులకు.

మర్నాడు పొద్దున ముల్లమ్మ చెలమ గట్టున నిలబడింది. పసిపిల్లలు తేట నీళ్ళలో మూతులు ముంచారు. పైన వాలులో అడవిపందులన్నీ, కోరప్ప ఆజ్ఞ మీద, బురద కోసం తహతహలాడుతూ వరసగా కూర్చున్నాయి.

"అయిందా?" అని కేకేశాడు కోరప్ప.

"ఇంకా ముగ్గురున్నారు!" అంది పొడలమ్మ.

"కానీ, కానీ. తొందరేం లేదు" అన్నాడు కోరప్ప. చిట్టచివరి దుప్పిపిల్ల కడుపునిండా తాగి, తడి మూతితో అతని వైపు చూసి, తల్లి వెంట గెంతుతూ పోయింది.

నీతి: దాచుకున్నది ఎంత ఉందో లెక్కపెడితే చాలదు, అందులో ప్రాణముందో లేదో చిటికెడుతో చూసుకుని, బతికున్న కాస్తనే ఓపికగా పెంచుకోవాలి.